దాసుని విధేయత, కుమారుని విధేయత



నీవు ఆదివారము గుడి తప్పవు. నీకు కలిగినదానిలో నుండి కానుక వేయుదువు. ఉపవాస దినములు పాటింతువు. ఇవన్నియు మంచివే, వాటిని మానుమని చెప్పుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుటలేదు. అయితే ఒక్క ప్రశ్న అడుగవలెనని యున్నది. ఈ పనులను భయముచేత చేయుచున్నావా, ప్రేమచేత చేయుచున్నావా?

జీతగాడును కుమారుడును ఒకే చేనిలో దున్నుదురు. సాలు చూచి ఇది వీనిది, అది వానిదని చెప్పలేము. ప్రొద్దు క్రుంకగానే జీతగాని పని తీరినది; అది న్యాయమే. కుమారుడైతే నడిరాత్రి వాన కురిసిన యెడల గట్టు తెగునేమోయని లేచి పోవును. ఎవరును అతనిని పంపలేదు. ఆ చేను తన తండ్రిది గనుక పోవును.

మన వికారాబాదు, తాండూరు ప్రాంతపు మెథడిస్టు సంఘములకు మూలపురుషుడైన జాన్ వెస్లీగారు ఈ భేదమును అనుభవముచేత ఎరిగినవారు. ఆక్స్‌ఫర్డులో నున్న కాలమున వారు బుధ, శుక్రవారములు ఉపవాసముండిరి, చెరసాలలోనివారిని దర్శించిరి, 1735లో ఓడ యెక్కి అమెరికాలోని జార్జియాకు సేవకై వెళ్లిరి. ఇంత చేసినను హృదయమునకు నెమ్మది లేకపోయెను. 1738 మే 24వ తేదీ సాయంకాలము లండనులో ఆల్డర్స్‌గేటు వీథిలోని ఒక చిన్న కూటములో, రోమా పత్రికకు లూథరుగారు వ్రాసిన పీఠిక చదువబడుచుండగా, క్రీస్తు తనను క్షమించెనను నిశ్చయము వారికి కలిగెను. తరువాత వారు కష్టమైన పనులు మానుకొనలేదు. మరుసటి సంవత్సరము బ్రిస్టలు దగ్గర బయలు ప్రదేశమున నిలిచి, బొగ్గుగనుల కూలీలకు సువార్త ప్రకటించిరి. విధేయత తగ్గలేదు, విధేయుడైన దాసుడు కుమారుడాయెను.

మన పొలములను చూడుము. బషీరాబాదు చుట్టునున్న నల్లరేగడిలో తొలకరికి విత్తిన కంది మొదట నెమ్మదిగా పెరుగును. పెసరలు ముందే కాచి ఇంటికి చేరును. ఆ దినములలో కంది వేరు లోతునకు దిగుచుండును. వానలు వెనుదీసిన తరువాత, లోపలి తేమచేతనే అది పూచి కాయును. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినదని విని సంతోషించితిమి. దేవునితో మన సహవాసము ఆ వేరువంటిది. అది దిగవలసిన చోట ఒక రాయి అడ్డమున్న యెడల, పైన ఎంత నీరు పోసినను మొక్క బలపడదు.

ఆ రాయి ఏది? తరచుగా అది, ప్రభువు అడిగినది తెలిసియు మనము ఇయ్యని ఆ ఒక్కటియే.

బషీరాబాదు ప్రక్క ఊరిలో ఒక వృద్ధ సహోదరి నాతో ఇట్లనెను: “అయ్యగారూ, గట్టుకాడ కొట్లాటైనంక పన్నెండేండ్లు మా మరిది గడప తొక్కలే. గుడి మాత్రం ఒక్క ఆదివారం ఇడువలే. ఒకనాడు ప్రభువు ప్రార్థన చెప్తుంటే ‘మా తండ్రీ’ అన్నకాడ నోరు ఆగిపోయింది. ‘మా’ అంటే నాకూ ఆయనకూ ఒక్కడే తండ్రి గదా!”

ఆ సాయంకాలము ఆమె చేటలో కందులు పెట్టుకొని మరిది యింటికి వెళ్లెను. మరిది బయటికి రాలేదు. తోడికోడలు చేట అందుకొనెను. రెండవసారి వెళ్లినప్పుడు మరిది, “వదినా, కూసో” అనెను. గట్టు తగవు ఇంకను తీరలేదు గాని, పొలము కొలిపించుటకు ఇరువురును సమ్మతించిరి. “ఇప్పుడు ప్రార్థనల నోరు ఆగుతలేదయ్యా” అని ఆమె చెప్పెను.

బలిపీఠము నొద్ద కానుక విడిచి, మొదట సహోదరునితో సమాధానపడుమని ప్రభువు మత్తయి 5వ అధ్యాయములో ఆజ్ఞాపించెను గదా! కానుక ఆయనకు అక్కరలేదని కాదు. ఇద్దరు బిడ్డలలో ఒకనిని పోగొట్టుకొని, రెండవవాని కానుకచేత తండ్రి సంతోషింపడు.

నవంబరులో ధారూరు జాతరకు మనవారు ఎంత దూరమునుండియైనను పోవుదురు. పిల్లలను, వంటపాత్రలను మోసికొని పోయి, చెట్ల క్రింద పండుకొని వాక్యము విందురు. అంత దూరము నడువగల కాళ్లు, నాలుగు గడపల అవతలనున్న తమ్ముని యింటికి పోలేవా?

“నా హృదయము ఇంకను మారలేదు, ఏమి చేయుదును?” అని నీవు అడుగవచ్చును. మారువరకు కూర్చుండవద్దు. నీ మనసులోని కోపమును దాచక తండ్రితో చెప్పుము, పోవుటకు బలము ఆయననే అడుగుము, అడిగి లెమ్ము. ఆయన బిడ్డను ఒంటరిగా పంపడు. మొదటి దినమున తలుపు తెరువబడకపోయినను, మరల పొమ్ము. ఈ రాత్రి దీపము ఆర్పకముందు ఆ ఒక్కటి ఏదో ఆయన యెదుట పేరు పెట్టి చెప్పుము.

ప్రభువు నీకు తోడైయుండును గాక. ఆమేన్.