మూకుడు నూనెతో విమానం

డెహ్రాడూన్ నుంచి హరిద్వార్ వెళ్లే రోడ్డు మీద, మొహ్‌కంపూర్‌లో ఉంది భారతీయ పెట్రోలియం సంస్థ. 1960లో మొదలైన ఈ సీఎస్‌ఐఆర్ ప్రయోగశాల పేరు 2018 ఆగస్టు 27న దేశమంతా వినబడింది. ఇక్కడ తయారైన జీవ ఇంధనాన్ని 25 శాతం కలిపి, ఒక ఇంజన్‌కు పట్టించి, స్పైస్‌జెట్ విమానాన్ని ఢిల్లీకి నడిపారు. అది ఛత్తీస్‌గఢ్ అడవి ఆముదం గింజల నూనె. నేను చూడ్డానికి వెళ్లింది మాత్రం బజ్జీలు, పూరీలు వేయించాక మిగిలే నూనెను ఇంధనంగా మార్చే సంగతి.

గాజు పాత్రలు ఊహించుకుని వెళ్తే అన్నీ ఉక్కు సామానులే. నిలువు రియాక్టర్ గొట్టం, చుట్టూ కొలిమి, హైడ్రోజన్ సిలిండర్లు, పీడనం చూపే మీటర్లు. ఉత్ప్రేరకాన్ని సీసాలో చూపించారు. ఇంత ఘనకార్యం చేసేది చూడబోతే విరిగిన కారప్పూస ముక్కల్లా ఉంది! అల్యూమినా ముక్కల సూక్ష్మరంధ్రాల్లో నికెల్, మాలిబ్డినం వంటి లోహాల సల్ఫైడ్లు పట్టించి ఉంటాయి.

నూనె అణువంటే గ్లిజరాల్‌కు అతుక్కున్న మూడు కొవ్వు ఆమ్లాల గొలుసులు. డీజిల్‌కూ దానికీ మధ్య అడ్డుగా ఉన్నది ముఖ్యంగా ఆక్సిజన్. మూడు వందల డిగ్రీలు దాటిన వేడిలో, వాతావరణ పీడనానికి పదుల రెట్ల ఒత్తిడిలో హైడ్రోజన్ వచ్చి ఆ ఆక్సిజన్‌ను ఊడబెరుకుతుంది. కొంత నీరుగా, కొంత కార్బన్ ఆక్సైడ్లుగా అది బయటికి పోతుంది. గ్లిజరాల్ భాగం ప్రొపేన్ అవుతుంది. మన వంటగ్యాసులో ఉండేదే. మిగిలేవి ఎక్కువగా 15 నుంచి 18 కార్బన్ల సూటి గొలుసులు. బయోడీజిల్‌లో ఆక్సిజన్ అలాగే ఉండిపోతుంది కాబట్టి దాన్ని విమానానికి వాడరు.

ఆక్సిజన్ పోయినంత మాత్రాన పని తీరదు. 18 కార్బన్ల సూటి గొలుసు 28 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 దాకా గడ్డకట్టకూడదు. అందుకని గొలుసుల్ని కొంత తుంచాలి, కొంత కొమ్మలు వేయించాలి. దానికి వేరే రకం ఉత్ప్రేరకం అవసరమవుతుంది. ఈ పనులన్నీ ఒకే దశలో జరిపించే పద్ధతి ఈ సంస్థది.

అసలు తంటా సరుకుతోనే. వాడిన నూనె ఒంటరిగా రాదు. నీరు, ఉప్పు, మాడిన పిండి వెంటబెట్టుకొస్తుంది. క్లోరైడ్లు గొట్టాల్ని తింటాయి, ఫాస్ఫరస్ ఉత్ప్రేరకాన్ని చంపుతుంది. ముందే వడకట్టి శుద్ధి చేయకపోతే ఖరీదైన ముక్కలన్నీ పనికిరాకుండా పోతాయి. ఇంకో తమాషా ఏమిటంటే, సల్ఫైడ్ ఉత్ప్రేరకం చురుకుగా ఉండాలంటే గంధకం అందుతుండాలి. ముడిచమురులో అది ఉంటుంది, వంటనూనెలో దాదాపు ఉండదు. ఇక్కడ పనిగట్టుకుని కలపాలి! ఆ బెడద లేని నికెల్-రాగి ఉత్ప్రేరకాల మీద అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయం వాళ్లు పనిచేశారు.

హైడ్రోజన్ సంగతి కూడా మరవకూడదు. నేటికీ అది ఎక్కువగా సహజవాయువు నుంచే వస్తోంది. ఆ లెక్క చెప్పకుండా దీన్ని పచ్చని ఇంధనం అనేయడం నాకు నచ్చదు.

రసాయనశాస్త్రం తన వంతు చేసింది. మిగిలింది నూనె పోగుచేసే పని. పదేపదే కాచడంతో పెరిగే ధ్రువ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని 2018 జులై 1 నుంచి నిబంధన ఉంది. పాత నూనె సేకరణకు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ‘రూకో’ పథకమూ పెట్టింది. అయినా హోటల్లో నల్లబడిన నూనె చవగ్గా తోపుడుబండ్లకు చేరడం ఆగలేదు. మరోపక్క, అంతర్జాతీయ విమానాల ఇంధనంలో ఇలాంటి జీవ ఇంధనం 2027కి 1 శాతం, 2028కి 2, 2030కి 5 శాతం కలపాలని దేశం లక్ష్యం పెట్టుకుంది.

ఇంట్లో మిగిలిన నూనె సింకులో పారబోయకండి. మీ ఊళ్లో సేకరించేవాళ్లుంటే ఇవ్వండి. నల్లగా మరుగుతూ నురగలు కక్కే మూకుడు కనబడితే, ఆ పూటకు బజ్జీ మానేయండి.