మకాం వేసే చోటు

కతార్ పోయొచ్చిన మనవాళ్లను ఆ దేశం ఎట్లా ఉంటుందని అడిగితే ఎండ గురించి చెబుతారు, సైటు గురించి చెబుతారు, ఇండస్ట్రియల్ ఏరియాలో పడుకున్న రూము గురించి చెబుతారు. సముద్రం గురించి చెప్పేవాళ్లు తక్కువ. నిజానికి ఆ దేశమంతా ఒక ఎడారి ద్వీపకల్పం. ఉత్తరం నుంచి దక్షిణానికి 160 కిలోమీటర్లు, అడ్డంగా 80, 90 కిలోమీటర్లు. మూడు దిక్కులా గల్ఫ్ నీళ్లు, దక్షిణాన మాత్రం సౌదీ సరిహద్దు. దోహా నుంచి ఎటు బయల్దేరినా గంటన్నర, రెండు గంటల్లో ఏదో ఒక ఒడ్డు తగులుతుంది. ఊరూ దీపమూ లేని ఆ ఒడ్డున చలికాలం గుడారం వేసుకుని గడపడం అక్కడి అరబ్బు కుటుంబాలకు పాత అలవాటు. పని కోసం పోయినవాళ్లు కూడా ఆ ఒడ్డు చూసి రావాలన్నది నా కోరిక. అందుకే ఈ ప్రయాణం రాస్తున్నాను.

మాది లక్డారం. పటాన్‌చెరు మండలంలో, రుద్రారం పక్కన, క్వారీలూ క్రషర్లూ ఉన్న ఊరు. బ్లాస్టింగ్ చప్పుడూ టిప్పర్ల దుమ్మూ చిన్నప్పటి నుంచి తెలిసినవే. కతార్ పోయాక కూడా నాకు దొరికింది కంకర పనే. అక్కడ ఎటు తవ్వినా సున్నపురాయి. బరువు మోసే కాంక్రీటుకూ పెద్ద రోడ్లకూ దాని గట్టిదనం చాలదు. అందుకని గబ్రో అనే నల్లరాయి కంకరను ఒమన్ నుంచి, ఎమిరేట్స్ కొండల నుంచి ఓడల మీద తెచ్చి మెసయీద్ రేవులో దింపుకుంటారు. ఆ కంకర మోసే ట్రైలర్ నడిపేవాణ్ని. రాయినీ మట్టినీ చూసి అంచనా కట్టడం ఊళ్లో అబ్బిన విద్య. ఈ ప్రయాణంలో అది బాగా అక్కరకొచ్చింది.

డిసెంబరు 18 కతార్ నేషనల్ డే. ఆ ఏడాది దానికి రెండు రోజులు సెలవిచ్చారు, వెంటనే శుక్ర శనివారాలు కలిసొచ్చాయి. జగిత్యాల అన్న దగ్గర పాత పజేరో ఉంది. అన్న, నేను, నిర్మల్ తమ్ముడు, ఇస్నాపూర్ నుంచి వచ్చిన మా మేనబావ కలిసి తీరం చుట్టి రావాలనుకున్నాం. పడమర జెక్రీత్, ఉత్తరాన ఫువైరిత్, దక్షిణాన ఖోర్ అల్ అదాయిద్. సీజనంతా గుడారం ఉంచుకునేవాళ్లు పర్యావరణ మంత్రిత్వ శాఖ అనుమతి తీసుకోవాలి. ఏ తేదీల్లో, ఏ చోట్ల అన్నది ఏటా ప్రకటిస్తారు. మేం ఉండేది ఒక్కో చోట ఒక్కో రాత్రే అయినా ఎక్కడ దిగొచ్చో, ఎక్కడ దిగకూడదో ముందే కనుక్కున్నాం. మనిషికి రోజుకు అయిదు లీటర్ల లెక్కన నీళ్లు, టైర్లకు గాలి కొట్టే చిన్న కంప్రెసర్, పార, లాగే తాడు, రెండు చెక్క పలకలు, కాళ్లున్న ఇనప కుంపటి, బియ్యం, చింతపండు, ఉల్లిగడ్డలు బండిలో వేసుకున్నాం.

దోహా నుంచి దుఖాన్ రోడ్డెక్కి దాదాపు 80 కిలోమీటర్లు పోతే జెక్రీత్. ఈ దేశానికి మొదట చమురు దొరికింది ఈ పడమటి ఒడ్డునే, దుఖాన్ దగ్గర, 1939-40 ప్రాంతంలో. తారు రోడ్డు దిగి లోపలికి పోతే బల్లపరుపు తలలతో తెల్లటి గుట్టలు ఎదురొస్తాయి. వాటి మధ్య అమెరికా శిల్పి రిచర్డ్ సెర్రా 2014లో నిలబెట్టిన నాలుగు ఉక్కు పలకలున్నాయి. కిలోమీటరు పొడవునా ఒకే వరుసలో, ఒక్కొక్కటి 14 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంటాయి. నేల ఎత్తుపల్లాలుగా ఉన్నా నాలుగింటి తలలూ ఒకే మట్టానికి నిలుస్తాయి. క్వారీలో మట్టం పట్టిన చేతులకు ఆ పని ఎంత కష్టమో వెంటనే తెలుస్తుంది. మేం చాలాసేపు అక్కడే నిలబడ్డాం.

ఇంకాస్త ముందుకు పోతే గొడుగుల్లా నిలిచిన రాళ్లు. కింది పొర మెత్తని సున్నపు మట్టి, పై పొర గట్టి రాయి. వేల ఏళ్లుగా గాలి కింది పొరను తినేస్తే పైది చూరు లాగా ముందుకు వచ్చింది. తమ్ముడికి ఆ నీడ చూడగానే ప్రాణం లేచొచ్చింది.

"ఈడనే దిగుదామన్నా, గాలి తగలది, మస్తుంటది."

"వద్దు తమ్మీ. కింద ఏం పడ్డయో చూడు."

చూరు కింద తలకాయంత రాళ్లు, కొన్ని బండంతవి పడి ఉన్నాయి. వాటి అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి, పగిలిన ముఖం తెల్లగా మెరుస్తోంది. రాయి పడి చాలా కాలమైతే అంచులు అరిగిపోతాయి, ముఖం మాసిపోతుంది. తాజా ముఖం కనిపించిందంటే పైన ఇంకా లూజు రాయి ఉందన్నమాట. మా క్వారీల్లో బ్లాస్టింగ్ అయ్యాక లూజు దింపకుండా గోడ కిందికి మనిషిని పంపరు. ఇక్కడ దింపేవాళ్లు లేరు. గుట్ట ఎత్తుకు రెండింతల దూరం జరిగి, దానికి ఆగ్నేయాన దిగాం. చలికాలంలో ఈ దేశాన్ని ఒణికించే షమాల్ గాలి వాయవ్యం నుంచి వీస్తుంది. గుట్టను గాలికి అడ్డం పెట్టుకోవాలి, కానీ దాని కిందికి పోకూడదు. ఆ రాత్రి గాలి లేచినప్పుడు గుట్ట మీద ఈల వినిపించింది గానీ గుడారం బట్ట పెద్దగా కదల్లేదు.

మర్నాడు పడమటి తీరం వెంట ఉత్తరానికి పోయాం. ఈ దారిలో బండిని మింగేది సబ్ఖా. ఉప్పు పేరుకున్న పల్లపు నేల. పైకి చూస్తే క్రికెట్ ఆడుకోవచ్చనిపించేంత చదును. పైన పొర అప్పడంలా ఎండి ఉంటుంది, అడుగున తడి బురద. మన దగ్గర చౌడు నేల తెలిసినవాళ్లకు దీన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. ముందు రంగు చూడాలి. ముదురు గోధుమ రంగు మచ్చలు, వాటి మీద ఉప్పు మెరుపు ఉంటే నమ్మకూడదు. తర్వాత మడమతో గట్టిగా తొక్కి చూడాలి. తొక్కిన చోట గుంటపడి అంచులు పైకి లేస్తే బండి దించకూడదు. చివరగా ఇనప చువ్వ గుచ్చాలి. బావ ఒక చోట చువ్వను ఒంటి చేత్తో నొక్కితే మూరెడు లోపలికి జారిపోయింది. పైకి తీస్తే అంటుకొచ్చిన మట్టి నల్లగా, తడిగా, కుళ్లిన నాచు వాసనతో ఉంది. అక్కడికి పది అడుగుల అవతల పాత టైరు గాడి ఒకటి లోతుగా దిగి ఆగిపోయింది. ఎవరి బండో ఎట్లా బయటపడిందో తెలియదు. మేం పాత బాట వదలకుండా, ముందు ఒకరు నడుస్తుంటే వెనక బండి నడిపాం.

దారిలో అల్ జుబారా. ఎడారిలో ఒంటరిగా కనిపించే కోట 1938లో కట్టింది. దానికి అవతల, ఒడ్డున, ఇసుక కింద పడి ఉన్న ఊరు అంతకన్నా పాతది. 18వ శతాబ్దంలో ముత్యాల వ్యాపారంతో వెలిగిన పట్నం. 2013లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గల్ఫ్ ముత్యాలు ముంబయి వ్యాపారుల మీదుగా మన దాకా వచ్చేవి. హైదరాబాదులో పత్తర్‌గట్టీ ముత్యాల దుకాణాల ముందు నడిచినవాళ్లకు ఈ శిథిలాల మీద నిలబడితే రెండు ఊళ్ల మధ్య ఉన్న దారి కళ్లకు కడుతుంది. 1930ల్లో జపాన్ కల్చర్ ముత్యాలు మార్కెట్‌ను ముంచెత్తాక ఇక్కడి డైవర్ల బతుకు కూలిపోయింది. ఊపిరి బిగపట్టి సముద్రం అడుగుకు దిగిన ఆ మనుషులూ అప్పుల కింద పనిచేసినవాళ్లే. మాలో ఏజెంటుకు అప్పు చేసి కట్టి వచ్చినవాళ్లున్నారు. ఆ మాట వచ్చాక కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఉత్తరపు కొస తిరిగి తూర్పు తీరానికి వచ్చి, మధ్యాహ్నం దాటాక ఫువైరిత్ చేరాం. లేత ఇసుక, వెనకాల చిన్న దిబ్బలు, లోతు తక్కువ నీలం నీళ్లు. ఈ ఒడ్డుకు అలుగు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అందుకే ఏప్రిల్ 1 నుంచి జులై 31 దాకా ఈ బీచ్ మూసేస్తారు. మేం వెళ్లింది డిసెంబరు, తీరం తెరిచే ఉంది. అయినా ఇసుక మీద దిగలేదు. కారణం చెబుతాను.

పోటు ఎక్కడి దాకా వస్తుందో ఒడ్డు తానే చెబుతుంది. నీళ్లు తెచ్చి వదిలిన నాచు, గవ్వలు, చిన్న పుల్లలు ఒక గీతగా పరుచుకుని ఉంటాయి. ఫువైరిత్‌లో అట్లాంటి గీతలు రెండు కనిపించాయి. కింది గీతలో నాచు ఇంకా తడిగా, ఆకుపచ్చగా ఉంది. అది ఆ రోజుది. పై గీతలో నాచు ఎండి నల్లబడి, చేత్తో నలిపితే పొడి అయింది. అది పున్నమి పోటు వదిలింది. గల్ఫ్‌లో ఆటుపోట్ల ఎత్తు తక్కువే, కానీ ఒడ్డు వాలు కూడా తక్కువ కాబట్టి నీళ్లు చాలా దూరం ముందుకొస్తాయి. పడుకునేవాడు పై గీత దాటి ఇంకా ఎగువకు పోవాలి. తాబేలు కూడా సరిగ్గా అదే లెక్కతో పై గీత దాటి, పొడి ఇసుకలో గుంట తవ్వుతుంది. మనకు నచ్చే చోటూ దానికి కావాల్సిన చోటూ ఒకటే. మన టైర్లు ఆ ఇసుకను అణిచి గట్టిచేస్తే, లోతుగా గాడి పెడితే, నష్టపోయేది అదే. వేసవికి గుడ్లు పగిలి బయటికి వచ్చే పిల్లలు నీటికి నడవాల్సిన దారి కూడా అదే. అందుకని దిబ్బలకు వెనక, గులకరాళ్లున్న గట్టి నేల మీద మకాం వేశాం. సముద్రం కనిపించలేదు, వినిపించింది.

అక్కడ ఇంకో మర్యాద కూడా పాటించాం. ఒడ్డున కుటుంబాలు దిగి ఉన్నాయి. ఆడవాళ్లు, పిల్లలు తిరిగే చోట మగవాళ్లం నలుగురం పోయి పక్కనే దిగడం ఆ దేశంలో తప్పు. మన దగ్గర మాత్రం ఒప్పవుతుందా? దూరంగా దిగి, దీపం తక్కువగా పెట్టుకుని, పాటలు పెట్టకుండా ఉన్నాం. కుంపటి మీద అన్నం వండి, పచ్చిపులుసు పిసికి తిన్నాం. పొద్దున పోతుంటే ఆ గుడారాల్లోంచి ఒక పెద్దాయన వచ్చి ఫ్లాస్కులో కహ్వా అనే అరబ్బు కాఫీ, డబ్బాలో ఖర్జూరాలు ఇచ్చిపోయాడు.

చివరి మకాం దక్షిణాన, ఖోర్ అల్ అదాయిద్. ఎడారి లోపలికి సముద్రం చొచ్చుకొచ్చిన చోటు. అవతలి ఒడ్డు సౌదీ. అక్కడికి రోడ్డు లేదు, ఇసుక దిబ్బల మీదుగా ఫోర్ బై ఫోర్ బండే పోవాలి. ఒక్క బండితో పోవద్దన్నది ఆ దిబ్బల మొదటి పాఠం. దిబ్బలు మొదలయ్యే సీలైన్ దగ్గర మెదక్ వాళ్ల బండి ఒకటి మాతో కలిసింది. టైర్లలో గాలి 35 నుంచి 16 పీఎస్‌ఐకి దించాం. టైరు వెడల్పుగా పరుచుకుంటే ఇసుక మీద తేలుతుంది, లేకపోతే తవ్వుకుంటూ దిగుతుంది.

ఇక్కడ నేల రెండు వైపుల నుంచీ కదులుతుంది. షమాల్ గాలి దిబ్బలను కొద్దికొద్దిగా ఆగ్నేయానికి తోసి సముద్రంలోకి నెడుతుంది. దిబ్బకు గాలి తగిలే వైపు వాలు తక్కువ, గట్టి. రెండో వైపు వాలు ఎక్కువగా ఉండి ఇసుక ఎప్పుడూ జారుతూ ఉంటుంది. ఆ జారే వైపు అడుగున నీడ బాగుంటుంది, అక్కడ మాత్రం పడుకోకూడదు. దిబ్బకూ నీటికీ నడుమ ఉన్న చదును మీద ఆటు వేళ బండ్లు హాయిగా తిరుగుతాయి, పోటు వచ్చేసరికి అదే నేల మెత్తబడి చక్రాలను పట్టేస్తుంది. అన్న పోటు వేళలు ఫోన్‌లో చూసి, "మూడింటి లోపల దాటాలె, దాటకపోతే ఈడనే ఆగాలె" అన్నాడు. దాటాం. ఎండిన నాచు గీతకు ఎగువన, జారే వాలుకు దూరంగా, కొద్దిగా ఎత్తుగా ఉన్న నేల వెతికాం. డిసెంబరులో సాయంత్రం అయిదు కాకముందే పొద్దు గుంకుతుంది. వెలుగుండగానే చోటు ఎంచుకోకపోతే ఇవేవీ కంటికి కనబడవు.

ఆ రాత్రి బావ అన్న మాట నాకు ఈ ప్రయాణమంతటికీ సారం అనిపిస్తుంది. "మనం ఏ రూముల ఉండాలె, ఏ మంచం మీద పండాలె, అంతా కంపెనోడే చెప్తడు. ఈడ మనమే చూసుకున్నం బావా." కతార్‌లో ఏడు లక్షలకు పైగా భారతీయులున్నారు. వాళ్లలో ఎంతోమందికి పని, పడక, తిరిగే బస్సు అన్నీ వేరేవాళ్లు నిర్ణయించినవే. రాత్రి ఎక్కడ తల వాల్చాలో నేలను చూసి, గాలిని చూసి, నీటిని చూసి తానే తేల్చుకోవడం అట్లాంటి మనిషికి చిన్న విషయం కాదు. అందంగా కనిపించిన చోటల్లా మంచిది కాదని, నేలను అడిగితే అది జవాబు చెబుతుందని తెలుసుకున్నవాడు పరాయి దేశంలో కూడా ధైర్యంగా నిలబడతాడు.

మా వైపు నుంచి ఇప్పటికీ పిల్లలు గల్ఫ్‌కు పోతూనే ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేది ఇదే. చలికాలంలో రెండు రోజుల సెలవు దొరికితే నలుగురు కలిసి బండి మాట్లాడుకోండి. ఆ ఏడాది అనుమతించిన చోట్లు కనుక్కోండి. పొద్దుండగా చేరండి, పై గీత దాటి దిగండి, ఇసుక మీద నేరుగా నిప్పు పెట్టకండి, తెచ్చిన ప్రతి కవరూ తిరిగి తీసుకుపోండి. ఆ దేశం రోడ్లలో, గోడల్లో మన చెమట ఉంది. దాని ఒడ్డున ఒక రాత్రి గడపడానికి మనం ఎవరికీ మొహమాటపడాల్సిన పని లేదు.