ముందున్న ఆయతు

పోయిన వేసవిలో మురమళ్ళలోని మా కొబ్బరితోటలో దింపు జరిగింది. పక్కనే వృద్ధ గౌతమి ఉన్నా గాలి లేదు. ఎండకన్నా ఉక్క ఎక్కువ. దింపువారు చెట్లెక్కి గెలలు కోస్తుండగా, మేము కింద కాయలు ఏరి రాశి పోస్తున్నాము. ఒంటిమీద బనియను, తొడలమీదికి ఎగగట్టిన లుంగీ.

ఆ సమయంలో ఒక తల్లి తోటలోకి వచ్చింది. చిన్ననాడు మా వద్దనే నాజిరా చదువుకున్న పిల్ల. ఇప్పుడు పెద్ద కొడుకును మదర్సాలో చేర్పించే విషయం అడగడానికి వచ్చింది. చంకలోని పసిబిడ్డ లాగడంతో ఆమె కొంగు తలమీదినుంచి జారింది. అలవాటు కొద్దీ మేము మందలించాము: "కొంగు సరిచేసుకో తల్లీ. సూరె నూర్ పాఠం మరిచిపోయావా?"

"జీ హజ్రత్" అని ఆమె కొంగు సర్దుకుంది. కాని మాట్లాడినంతసేపూ చూపు నేలమీది ఎండుటాకుల మీదనే ఉంచింది. సలాము చెప్పి వెళ్ళేవరకు తల ఎత్తలేదు. చిన్నబుచ్చుకున్నదేమో అనుకున్నాము. చెమట తుడుచుకోవడానికి వంగి మా మోకాళ్ళను చూసుకున్నప్పుడు గాని అసలు సంగతి బోధపడలేదు.

సూరె నూర్‌లో స్త్రీల పరదాను గూర్చిన ఆదేశం 31వ ఆయతులో ఉన్నది. దానికి ముందున్న 30వ ఆయతు విశ్వాసులైన పురుషులతో మాట్లాడుతుంది. చూపులు దించుకోమని, శీలాన్ని కాపాడుకోమని వారిని ఆదేశిస్తుంది. రెండు ఆయతుల్లోనూ చూపు మాటే మొదట వస్తుంది. ఇన్నేళ్ళ బోధనలో 31వ ఆయతుకు మూడు రోజులు కేటాయించిన మేము 30వ ఆయతును ఒక్క పూటలో దాటించేవారము. మగపిల్లలకైతే సతర్ అంటే నమాజు షరతులలో ఒకటిగా వల్లె వేయించడమే. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం నాభి కింది నుంచి మోకాలితో సహా పురుషుని సతర్ అని వల్లె వేయించినవారమూ మేమే. తోటలో ఆ నియమం ఏమైనట్టు?

జర్హద్ (రజి) తొడ బయటపడి ఉండగా చూసిన దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) దానిని కప్పుకోమన్నారని అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్నది. ఇక హజ్ యాత్రలో జరిగిన సంఘటన మరీ ఆలోచింపజేసేది. ఖస్అమ్ తెగకు చెందిన ఒక స్త్రీ వాహనంపై కూర్చోలేని తన ముసలి తండ్రి తరఫున హజ్ చేయవచ్చునా అని అడగడానికి వచ్చింది. ప్రవక్త వెనుక కూర్చున్న ఫజ్ల్ (రజి) ఆమెను చూడసాగారు. ప్రవక్త తమ చేతితో ఫజ్ల్ ముఖాన్ని పక్కకు తిప్పారు. ఆమె ప్రశ్నకు జవాబు చెప్పారు. ఈ హదీసును బుఖారీలో ఎన్నిసార్లు చదివామో! ఆ చేయి ఎవరి ముఖాన్ని తిప్పిందో మాత్రం ఆగి ఆలోచించలేదు.

2022లో కర్ణాటక విద్యాలయాల హిజాబు వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ అక్టోబరు 13న ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు చెప్పారు. మా మస్జిదు అరుగుమీద వారాల తరబడి అదే చర్చ. ఆడపిల్లల తలమీది గుడ్డ గురించి అంత ఆవేశంగా మాట్లాడినవారిలో ఎందరి లుంగీలు మోకాళ్ళపైన ఉన్నాయో అప్పుడు మాకు కనబడలేదు. మాది కూడా ఆ అరుగే గదా!

మా అమ్మ బురఖా ఎరుగదు. నేతచీర కొంగు తలచుట్టూ తిప్పి, చివర పళ్ళతో పట్టుకుని, రెండు చేతులా పని చేసేది. మమ్మల్ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

తరువాతి శుక్రవారం మగపిల్లలకు 30వ ఆయతు దర్సు చెప్పాము. బిగుతు ప్యాంటులో సజ్దాకు వెళ్ళితే నడుము బయటపడి, వెనుక వరుసవారి నమాజు ఏమవుతుందో కూడా చెప్పాము. పదిహేనేళ్ళవాడొకడు లేచి, "దింపుకు వెళ్ళినప్పుడు ఎలా హజ్రత్, లుంగీ దింపితే కాళ్ళకు పడదా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. వదులుగా, మోకాలు దాటి, పిక్కల దగ్గర ఆగే పైజమా కుట్టించుకోవచ్చునన్నాము. ముందు మేము కుట్టించుకున్నాము. మా పొరుగు రైతు దాన్ని చూసి నవ్వాడు. మరుసటి దింపుకు కొలత అడిగాడు.

కొడుకును చేర్పించడానికి ఆమె మళ్ళీ వచ్చింది. "ఆనాడు సవరించుకోవలసింది మేమమ్మా. మన్నించు" అన్నాము. ఆమె కంగారుపడి కొడుకును ముందుకు తోసింది. "వీడికి అన్నీ నిక్కర్లే హజ్రత్. రెండు పైజమాలు కుట్టించి రేపు తెస్తాను."

"ఐదేళ్ళవాడికి తొందరేమీ లేదులే" అన్నాము.