పిన్ని పాటలూ, నా ఊరకుక్కా

ఉత్తరంతో పాటు ఇంకేదో ఒకటి రావడం మనకి కొత్తేం కాదు. శ్రావణమాసంలో కవరు విప్పితే తోరమూ, కుంకం పొట్లమూ రాలేవి. పెళ్ళి జరిగిన ఇంటినుంచి అక్షింతలు వచ్చేవి. పెళ్ళి కావలసిన ఇంటినుంచి జాతకం నకలూ, స్టూడియోలో కుర్చీ పట్టుకుని బిక్కమొహంతో నిలబడ్డ పిల్ల ఫోటోనూ వచ్చేవి. మగవాళ్ళు ఉత్తరం చదివేసి గోడనున్న కమ్మీకి గుచ్చేసేవారు. అందులోంచి రాలిన వాటి సంగతి మాత్రం ఆడవాళ్ళదే. అక్షింతలు పిల్లల నెత్తిమీద, కుంకం భరిణెలో, ఫోటో పెట్టెలో చీరలకింద. ఎవరూ చెప్పకుండానే ఎక్కడివక్కడికి చేరిపోయేవి.

ఇప్పుడు ఉత్తరం ఈమెయిలయింది. దానివెంట వచ్చేదాన్ని అటాచ్‌మెంటు అంటున్నాం. రావడం మాత్రం బాగానే వస్తోంది. అయితే ఎక్కడిదక్కడ పెట్టే చెయ్యే కరువైంది. కరెంటు బిల్లూ, మనవడి మార్కుల కాగితమూ, రక్తపరీక్ష రిపోర్టూ, గృహప్రవేశం శుభలేఖా అన్నీ ఆ మెయిళ్ళ గుట్టలోనే పడుకుని నిద్రపోతూంటాయి. మన పాటలో ఊర్మిళాదేవిలాగా పధ్నాలుగేళ్ళయినా లేవవు.

ఊర్మిళంటే గుర్తొచ్చింది. అసలు కథ ఆవిడ పాటతోనే మొదలైంది.

మా పిన్నికి ఎనభైనాలుగేళ్ళు. రాజమండ్రిలో కూతురి దగ్గర ఉంటుంది. మంగళహారతులు, తలుపు దగ్గిర పాటలు, అప్పగింతల పాటలు, పిల్లల్ని జోకొట్టే పాటలు ఆవిడ నోట్లో ఎన్నున్నాయో లెక్కలేదు. ‘ఊర్మిళాదేవి నిద్ర’ మొదలెట్టిందంటే పప్పు ఉడికి, అన్నం వార్చి, విస్తళ్ళు వేసేదాకా సాగేది. ఇలాంటివి పుస్తకాల్లో అచ్చయ్యాయి, కాదనను. కానీ ఏ ఇంటి పాట ఆ ఇంటిదే. మా అమ్మమ్మ వాళ్ళింట పాడే ఊర్మిళ ఒక చరణం ఎక్కువే నిష్ఠూరమాడుతుంది మొగుణ్ణి!

రెండేళ్ళ కిందట పిన్ని మనవరాలు ఒక మంచిపని మొదలెట్టింది. అమ్మమ్మ పాడుతూంటే ఫోనులో పట్టి, నాకు మెయిల్లో పంపడం. వాట్సాప్‌లో పంపొచ్చుగా అంటారేమో. ‘‘ఫోను మారిస్తే అన్నీ పోతాయటే. ఉత్తరంలాగా పంపమ్మా, అది దాచుకుంటుంది’’ అందిట పిన్ని. నేను దాచుకుంటానన్న నమ్మకం ఆవిడకి ఎంచేత కలిగిందో! నా పెళ్ళినాటి శుభలేఖ ఇప్పటికీ నా దగ్గరుందని తెలుసు, అంచేతేనేమో.

పిల్ల మంచిదే గాని కాస్త బద్ధకం. ప్రతి పాటకీ ఒకటే పేరు. ఇంగ్లీషు అక్షరాల్లో ‘అమ్మమ్మ పాట’. మెయిలుకి విషయం రాయదు. నూట ముప్ఫై తొమ్మిది మెయిళ్ళొచ్చాయి, అన్నిట్లోనూ అమ్మమ్మ పాటే! ఇంతలో మెయిలు పెట్టె నిండిపోయిందని హెచ్చరిక వచ్చింది. ఆ వారమే పిన్ని పాట ఒకటి నా గుమ్మందాకా వచ్చి వెనక్కి తిరిగిపోయింది. వాకిట్లోకొచ్చిన ముత్తయిదువని వెనక్కి పంపినట్టయి ప్రాణం ఉసూరుమంది.

పెట్టె అంత తొందరగా ఎందుకు నిండుతుందో చెబుతాను, వింతగా ఉంటుంది. ఈమెయిల్ అనేది మొదట్లో ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ మాత్రమే మొయ్యగలిగిన బండి. పాటా, బొమ్మా దానికి ఎక్కవు. అంచేత వాటిని కూడా అక్షరాల వేషం వేసి ఎక్కించాలి. మొత్తం 64 గుర్తులతో రాస్తారు. పెద్ద అక్షరాలు 26, చిన్నవి 26, అంకెలు 10, మరో రెండు గుర్తులు. ఆ పద్ధతిలో మూడుపాళ్ళ సరుకు నాలుగుపాళ్ళవుతుంది. మూడు బస్తాల బియ్యం నాలుగు బస్తాల చోటు ఆక్రమించినట్టన్నమాట. బయటికి తీసి విప్పి పెట్టుకుంటే మళ్ళీ మూడే.

ఈ వేషం కట్టే పద్ధతిని నిర్ణయించినవాళ్ళు నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు అమెరికావాళ్ళు. 1992 జూన్‌లో దాని నియమావళి వెలువడింది. దాని పేరు మైమ్. అంతకు ముందే, ఆ ఏడాది మార్చి 11న, బోరెన్‌స్టైన్ ఒక మెయిలు పంపాడు. దాంతో జతగా ఏం పంపాడనుకున్నారు? ఒక ఫోటో, ఒక పాట! తనూ, మరో ముగ్గురు స్నేహితులూ కలిసి నిలబడి పాడిన పాట. ఇదంతా ఎందుకయ్యా అని నలుగురూ అడిగితే, రేపు మనవలు పుడితే వాళ్ళ ఫోటోలు నాకు మెయిల్లో రావద్దూ అనేవాడట. అందరూ నవ్వేవారట. ఇది చదివాక ఆయన మీద నాకు గౌరవం పుట్టింది. ఆఫీసులకోసం కాదు, మా పిన్నికోసమే కనిపెట్టాడనిపించింది.

సరే, నూట ముప్ఫై తొమ్మిది మెయిళ్ళు. ఒక్కొక్కటీ తెరవాలి, పాట మీద నొక్కాలి, ఎక్కడ పెట్టాలో చూపాలి, పేరు మార్చాలి, మూసెయ్యాలి. మా అబ్బాయి ఫోనులో ‘‘అమ్మా, నేనొచ్చినప్పుడు చేసిపెడతాలే’’ అన్నాడు. వాడు వచ్చేది సంక్రాంతికి. వచ్చాక చేసేది నిద్ర.

నాకు మటుకు చేతిలో ఒక మనిషి ఉన్నాడు. మనిషి కాదు, కుక్క. మట్ అనే ప్రోగ్రాము. మట్ అంటే ఇంగ్లీషులో జాతీ గోత్రమూ లేని ఊరకుక్క. 1995లో మైకేల్ ఎల్కిన్స్ అనే ఆయన తయారుచేశాడు. ‘మెయిలు ప్రోగ్రాములన్నీ చెత్తవే, ఇది కొంచెం తక్కువ చెత్త’ అన్నది దాని నినాదం. అమ్మేవాళ్ళు ఇంత నిజం చెప్పగా మీరెప్పుడైనా విన్నారా? అసలు ఇది అమ్మేదీ కాదు, ఉచితమే.

బొమ్మలుండవు, రంగురంగుల బొత్తాలుండవు, ప్రకటనలుండవు. నల్లటి తెర, దానిమీద అక్షరాలు, అంతే. మావారు చూసి, ‘‘ఇదేమిటే, టీవీ పాడైనట్టుందీ?’’ అన్నారు. నేను బ్యాంకు కౌంటరు వెనక ముప్ఫయ్యేళ్ళు కూర్చున్నదాన్ని. అక్కడ మాకు మొదట వచ్చిన కంప్యూటర్లన్నీ ఇలాంటివే. ఆ తెర చూస్తే నాకు పుట్టింటి చావడి చూసినట్టుంటుంది.

ఇందులో ‘వి’ నొక్కితే మెయిలుకి తగిలించి ఉన్నవన్నీ జాబితాగా కనిపిస్తాయి. ‘ఎస్’ నొక్కితే ఒకటి దాస్తుంది. ఇది చేత్తో చేసే పద్ధతి. దానికన్నా ముచ్చటైనది ఇంకోటుంది. నిలువుగీత నొక్కితే, ఆ మెయిలు మొత్తాన్ని వేరే ప్రోగ్రాము చేతికి అందిస్తుంది. మనం రోట్లోది తీసి రోకలి పట్టుకున్నావిడకి కాకుండా చేటపట్టుకున్నావిడకి అందిస్తామే, అలాగ. చెరిగే పని ఆవిడది. ఆ చెరిగే ప్రోగ్రాము పేరు మన్‌ప్యాక్. మాటల్ని ఒదిలేసి, తగిలించినవాటిని విప్పి, చెప్పిన చోట పోస్తుంది.

ఈ రెండింటినీ కలుపుతూ నాలుగు పంక్తులు రాసుకున్నాను. మెయిలు రాగానే దాని తేదీ చూడు, ఆ తేదీ పేరుతో ఒక అర చెయ్యి, అందులో విప్పి పొయ్యి. ఇంతే. మట్ వాళ్ళ అమరిక కాగితంలో ఇంకో పంక్తి చేర్చి ఈ పని అంతటినీ ఒక్క మీటకి కట్టేశాను. ఇక పిన్ని ఇంటినుంచి వచ్చినవాటి కన్నిటికీ ఒకేసారి గుర్తు పెట్టి, సెమికోలన్ నొక్కి, ఆ మీట నొక్కితే చాలు.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. గుర్తుపెట్టిన మెయిళ్ళన్నిటినీ మట్ మామూలుగా ఒకే మూటగా కట్టి అందిస్తుంది. అలా ఇస్తే ఏ పాట ఏ తేదీదో తెలియదు. ఒక్కొక్కటే విడివిడిగా అందించమని ముందే చెప్పి ఉంచాలి. ఆ అమరిక పేరు పైప్ స్ప్లిట్. అప్పగింతల్లో పేరుపేరునా అప్పగిస్తారు చూడండి, అదీ పద్ధతి.

రెండో సూక్ష్మం మరీ ముఖ్యమైంది. అన్నిటి పేరూ ‘అమ్మమ్మ పాట’ కదా? ఒకే పేరున్న రెండోది వస్తే కొన్ని ప్రోగ్రాములు మొదటిదాని మీదే రాసేస్తాయి. చివరికి మిగిలేది ఒక్కటే, ఆఖరిది. ఏ కరెంటు బిల్లో అయితే ఆఖరిదే మనకి కావలసింది. పిన్ని విషయంలో అది తలకిందులు. ఈ మధ్య పిన్నికి మరుపు మొదలైంది. ఒకే పాట మళ్ళీ మళ్ళీ పాడుతుంది, పాడినప్పుడల్లా ఒక చరణం జారిపోతుంది. ఆఖరిదాన్నే దాచుకుంటే అన్నిటికన్నా చిక్కిపోయిన పాటని దాచుకున్నట్టు. నిండుగా ఉన్నది మొదటిదే. అందుకే మన్‌ప్యాక్‌ని ఎంచుకున్నాను. బలవంతాన చెరపమని మనం చెబితే తప్ప ఉన్నదాన్ని అది చెరపదు. అదే పేరు మళ్ళీ వస్తే చివర చుక్కపెట్టి 1 అనో 2 అనో వేసి పక్కన పెడుతుంది. తేదీల అరలు ఉండనే ఉన్నాయి.

జాడీడు ఆవకాయ ఒక్కసారే కలిపెయ్యం కదా, ముందు గుప్పెడు కలిపి ఉప్పు చూస్తాం. నేనూ మెయిళ్ళన్నిటికీ నా కంప్యూటర్లో ఒక నకలు తీసుకుని, ముందు మూడింటి మీద ప్రయత్నించాను. మూడూ పాడాయి. అప్పుడు మిగతావి వదిలాను. కాఫీ కలుపుకుని వచ్చేసరికి అయిపోయింది!

అయిపోయిందని పాతవి వెంటనే తీసెయ్యలేదు. క్యాష్ టాలీ కాకుండా ఇంటికి వెళ్ళే అలవాటు లేనిదాన్ని. మెయిళ్ళు నూట ముప్ఫై తొమ్మిది, పాటలు నూట నలభై మూడు. నాలుగు ఎక్కువొచ్చాయి. బ్యాంకులో తక్కువొస్తే ఎంత కంగారో ఎక్కువొచ్చినా అంతే. వెతికితే నాలుగు మెయిళ్ళలో రెండేసి పాటలున్నాయి. లెక్క సరిపోయింది. నలుగురు చెల్లెళ్ళలో ఇద్దరికి ఒక్కో నకలు పంపాను. ఆ తర్వాతే పాతవాటికి తీసెయ్యమని గుర్తు పెట్టాను. నిజంగా తీసెయ్యమంటావా అని మట్ వెళ్ళేముందు అడిగింది. తియ్యమన్నాను. వెనక్కి తిరిగిపోయిన పాట మర్నాడు మళ్ళీ వచ్చి చేరింది.

ఒక్క మాట. ఇదంతా తెలిసినవాళ్ళ దగ్గరనుంచి వచ్చినవాటికే. ముక్కూ మొహం తెలియనివాళ్ళు పంపినదాన్ని విప్పి ఇంట్లో పోసుకోకూడదు. దాచడం వేరు, తెరవడం వేరు. నా కుక్క కూడా పిన్ని పేరు చూసే లోపలికి రానిస్తుంది.

ఆ రాత్రి తేదీల వరసన విన్నాను. మొదటి నెలలో ఊర్మిళ పాట మొత్తం ఉంది. పోయిన నెల దానికి వచ్చేసరికి మా ఇంటి నిష్ఠూరపు చరణం లేదు. ఆ ఖాళీ తెలియకుండా పిన్ని చక్కగా తాళం వేసుకుంటూ తర్వాతదానిలోకి వెళ్ళిపోయింది. తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

మర్నాడు ఫోన్ చేసి, మొదటినాటి పాట పెట్టి వినిపించాను. పిన్ని చెవొగ్గి వింది. ‘‘ఎవరే ఆ పాడేది? గొంతు బొంగురుగా ఉంది గాని, చరణం మాత్రం పొల్లుపోకుండా పాడింది. మనవాళ్ళేనా?’’ అంది.

‘‘మనవాళ్ళే పిన్నీ’’ అన్నాను.

‘‘అయితే ఇంకోసారి పెట్టు, నేర్చుకుంటాను’’ అంది. రెండోసారి పెట్టేసరికి వెనకాల మెల్లగా తనూ అందుకుంది. చరణం వచ్చింది, నిష్ఠూరంతో సహా.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఒక పాట విని నోటుబుక్కులో రాస్తున్నాను. విని రాసే పని ఏ మీటకీ కట్టలేదు, కట్టాలనీ లేదు. పదకొండు పాటలయ్యాయి. పిన్ని మనవరాలు మాత్రం నిన్న ఇంకొకటి పంపింది. పేరు మామూలే. దాచిపెట్టమని కుక్కకి చెప్పి, వంటింట్లోకి వెళ్ళాను.