మడమనొప్పితో భీమిలి బాట

ప్రాతఃకాలమున మంచము దిగి తొలి యడుగు నేలపై మోపగానే మడమలో ముల్లు దిగినట్లు నొప్పి కలుగుట మీలో పెక్కుమందికి అనుభవములోని సంగతియే. నాలుగడుగులు వేసిన పిమ్మట నది మెల్లగా సర్దుకొనును. పొయ్యి యొద్ద నిలుచుండి వంట ముగించునప్పటికి మరల తల యెత్తును. ఇట్టి మడమతో మేము విశాఖపట్టణమునకు పోయి, సముద్రములో ఈది, సైకిలు త్రొక్కి, పిమ్మట పరుగెత్తవలసిన పోటీకి పేరిచ్చితిమని విని మా యత్తగారు రెండు దినములు మాతో సరిగా మాటలాడలేదు. ఆమె కోపము న్యాయమైనదో కాదో ఇది చదివి మీరే తేల్చుకొనవలెను.

ఈ పోటీని ట్రయథ్లాను అందురు. ఈత, సైకిలు, పరుగు ఈ మూడును నడుమ విశ్రాంతి లేక ఒకదాని వెంట నొకటి చేయుటయే దీని పద్ధతి. 1974లో అమెరికాలోని శాన్ డియాగో పట్టణమున నిది మొదలైనది. 1978లో హవాయి ద్వీపములలో జాన్ కాలిన్స్ అను నౌకాదళోద్యోగియు, ఆయన భార్య జూడీయు దానిని భయంకరముగా పెంచి, 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42 కిలోమీటర్ల పరుగు గల పందెముగా నేర్పరచిరి. ఆ యేడు పదునేనుగురు బయలుదేరిరి, అందరును పురుషులే. మరుసటియేడు లిన్ లెమేర్ అను స్త్రీ వారితో కలిసి పూర్తిచేసెను. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో ఈ పోటీ తొలిసారి చేరినప్పుడు స్త్రీల పందెమే ముందు జరిగినది, పురుషులది మరునాడు. మడోనా బ్యూడర్ అను క్రైస్తవ సన్యాసిని 2012లో తన 82వ యేట ఆ హవాయి కొలతల పందెమును ముగించెను. ఈ మాట మా యత్తగారితో చెప్పితిమి. "ఆమెకు వంటయిల్లు లేదు గదా" అని ఆమె జవాబు. దానికి మాయొద్ద మారుమాట లేకపోయినది.

మేము పేరిచ్చినది మిక్కిలి చిన్న కొలత. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. ఈత మాకు చిన్ననాటి విద్య. నడుమునకు మునగబెండ్లు కట్టుకొని మా తాతగారి యూరి దిగుడుబావిలో నేర్చుకొంటిమి. సైకిలు హైస్కూలునాటిది. పరుగు మాత్రము నలువది దాటిన తరువాత పట్టుకొన్న పిచ్చి. నొప్పియు దానివెంటనే వచ్చినది.

మొదటి సంవత్సరము మేము దానిని లెక్కచేయలేదు. నొప్పిని పండ్లబిగువున నోర్చి పరుగెత్తుటయే ధైర్యమనుకొంటిమి. ఫలముగా ఆఱునెలలు కుంటితిమి. ఆ యేడు సింహాచలమునకు పోయినప్పుడు డెబ్బది దాటిన మా యత్తగారు మెట్లదారిని గోవింద కొట్టుచు ఎక్కిపోవుచుండగా మేము క్రింద బస్సు కొఱకు నిలుచుంటిమి. ఆ దినమున కలిగిన సిగ్గు చేతనే వైద్యునియొద్దకు పోయితిమి గాని నొప్పిచేత కాదు.

ఆయన చెప్పినదిది. మడమ యెముక మొదలు వ్రేళ్ల మొదళ్లవరకు అరికాలి క్రింద దళసరి నారపట్టీ యొకటి విల్లునకు త్రాడువలె బిగిసియుండును. నడివయస్సున, అందులోను గట్టినేలపై వట్టికాళ్లతో గంటలకొలది నిలుచుండువారికిని, పిక్కలు బిగిసియున్నవారికిని, పరుగును ఉన్నట్లుండి పెంచినవారికిని ఆ పట్టీ మడమవద్ద దెబ్బతినును. రాత్రి నిద్రలో నది ముడుచుకొనును. తెల్లవారి తొలి యడుగున నొక్కసారిగా సాగును. అందుచేతనే ఆ పోటు. మడమ యెముకకు ముల్లు పెరిగినదని ఎక్సురే చూపి భయపెట్టువారు కలరు గాని, అట్టి ముల్లుండియు నొప్పి యెఱుగనివారు పెక్కుమంది. చాలమందికి శస్త్రచికిత్స పనిలేకయే కొన్ని నెలలలో, ఒక్కొక్కప్పుడు ఏడాదిలో, నిమ్మళించును. గోడకు చేతులాన్చి పిక్కలు సాగదీయుట, మంచుగట్టిన నీటిసీసాను అరికాలి క్రింద దొర్లించుట, వంటయింట సయితము మెత్తని చెప్పులు తొడుగుట, ఇవియే ఆయన చెప్పిన మందులు. వంటయింటిలో చెప్పులన్న మాట మా యింట పెద్ద చర్చకు దారితీసినది. తుదకు బయట త్రొక్కని క్రొత్తజత యొకటి ఆ గదికే ప్రత్యేకించి రాజీపడితిమి.

పోటీ సంగతి అడుగగా ఆయన యొక నియమము పెట్టెను. నొప్పిని పదింట కొలువవలెను. మూడువరకు పరుగెత్తవచ్చును. అది దాటినచో నడువవలెను. మరునాటి తొలి యడుగు వెనుకటికంటె ఎక్కువ పోటు పెట్టినచో హద్దు మీరితిమని తెలిసికొనవలెను. మేము సరేనంటిమి.

జనవరి నెలలో పోటీకి రెండుదినములు ముందుగా రాజమహేంద్రవరమున రైలెక్కి, సుమారు రెండువందల కిలోమీటర్లు పోయి విశాఖలో దిగితిమి. మా యాడపడుచు అచ్చటనే కాపురమున్నది. మఱునాడు ఆమె మమ్ము కారులో భీమిలిదాక త్రిప్పి త్రోవ యంతయు చూపినది.

తెలుగుదేశమున సముద్రము ప్రక్కనే యింత దూరము కొండలను ఒరసికొని పోవు బాట మఱియొకటి మేమెఱుగము. రామకృష్ణా బీచి కడ ఇసుకపై కురుసుర అను జలాంతర్గామి యున్నది. 2002లో దానిని ప్రదర్శనశాలగా మార్చిరి. అచ్చట కెరటములు చూడ సొంపుగానుండును గాని నీటిలోని లాగుడు మిక్కిలి ప్రమాదకరము. అందుచేతనే మా ఈత ఋషికొండకడ నేర్పాటైనది. అచ్చట తీరము కొంచెము లోనికి వంగి కొండ చాటున నుండును. కైలాసగిరి దాటి ఋషికొండ, అవలి సరుగుడు తోటలు, తాటిచెట్లు, పిమ్మట తొట్లకొండ.

ఈ తొట్లకొండమీద కొంతసేపు నిలువవలెనని మేమే పట్టుబట్టితిమి. సముద్రమునకు 128 మీటర్ల యెత్తున రెండువేల యేండ్ల నాటి బౌద్ధవిహారము పునాదులు కలవు. 1976లో నౌకాదళమువారు ఈ ప్రాంతమును సర్వే చేయుచుండగా నిది బయటపడినది. భిక్షువులు వాననీరు నిలువచేసికొనుటకు రాతిలో తొట్లు తొలిచిరి. ఆ తొట్లవలననే కొండకు పేరు. చిన్నచిన్న గదులు వరుసగా నున్నవి. ఒక్కొక్కటి మన పూజగది కంటె మిక్కిలి పెద్దది కాదు. చాతుర్మాస్యమున వానలో ఆ గదులలో కూర్చుండి క్రింద సముద్రపు హోరు వినినవారి సంగతి తలచుకొనుచు మేమొక రాతిపై కూర్చుంటిమి. నిజము చెప్పవలెనన్న, మడమకు విశ్రాంతి కావలసియు కూర్చుంటిమి.

కొండ దిగిన పిమ్మట మంగమారిపేట, ఎఱ్ఱమట్టి దిబ్బలు. తుదకు భీమునిపట్టణము. గోస్తనీనది అచ్చట సముద్రమును కలియును. ఒకప్పటి డచ్చివారి వర్తకస్థానమది. వారి సమాధులు నేటికిని నిలిచియున్నవి. తిరుగుదారిలో మా యాడపడుచు, "వదినా, నీవు కుంటుచున్నావు. నాకు కనబడుట లేదనుకొనకు" అన్నది. మేము జవాబు చెప్పక కిటికీనుండి సముద్రము చూచితిమి.

పోటీనాడు ఆఱుగంటలకే ఋషికొండ చేరితిమి. స్త్రీలము తొమ్మండుగురము. మెడనుండి చీలమండలవరకు కప్పు ఈతదుస్తులు వేసికొన్నను చీర లేక జనము నడుమ నిలుచుండుట మాకు కొంత సంకోచముగానే యుండెను. సముద్రము మీద వెలుగు పొడసూపినతోడనే ఆ సంకోచము ఎచ్చటికి పోయెనో తెలియదు. నీటిలో మూడు తేలుబుడగలు కట్టియుంచిరి. జాలరుల పడవలు రెండు కాపలా యుండెను. వచ్చు కెరటము మీద ఎగురరాదు. దాని క్రిందుగా మునిగి పోవలెనని ఆ జాలరులే మాకు నేర్పిరి. మొదటి రెండు కెరటముల ఉప్పునీరు కడుపునిండ త్రాగితిమి. వాని నవల నీరు పట్టువలె సాగినది. చల్లదనముచేత గాని, బరువు లేమిచేత గాని, మడమ యున్నదను మాటయే మఱచితిమి. రెండేండ్లలో నట్లు మఱచుట అదియే తొలిసారి. బుడగల చుట్టు తిరిగి యిరువదినాలుగు నిమిషములలో తీరమునకు వచ్చితిమి. మెత్తని యిసుకలో కాలు దిగబడగానే మడమ తన యునికిని జ్ఞాపకము చేసినది.

సైకిలు మా మేనల్లునిది. జనవరిలో గాలి ఈశాన్యమునుండి వీచును. భీమిలి వైపు పోవునంతసేపు అది యెదురుగాలియే. తొట్లకొండ క్రింది యెత్తున సైకిలు నడచునంత మెల్లగా పోయినది. ముందునాడు మేము కూర్చుండిన రాయి పైన నెచ్చటనో యున్నదని తలచుకొంటిమి. ఎఱ్ఱమట్టి దిబ్బలకు ఇవతలనే వెనుదిరుగు గుర్తు. అచ్చటినుండి గాలియే మమ్ము తోసికొనివచ్చినది. ఎడమ చేతివైపు సముద్రము, నోటిలో ఇంకను ఉప్పు. అంతటి సుఖప్రయాణము మాకు మఱియొకటి జ్ఞాపకము లేదు.

పరుగు సాగరనగరము వైపునకు రెండున్నర కిలోమీటర్లు, మరల వెనుకకు. మొదటి కిలోమీటరున నొప్పి రెండు. రెండవదానిలో మూడు. తిరుగు గుర్తు కనబడునప్పటికి నాలుగైనదని మనస్సునకు తెలిసియు, మూడున్నరయే గావచ్చునని యొక నూఱడుగులు వాదించుకొంటిమి. పిమ్మట నడచితిమి. పరుగెత్తుట కంటె ఆ నడకయే కష్టము. మాకంటె ఇరువదియేండ్లు పెద్దవారైన ముసలాయన యొకరు "రండమ్మా, రండి" అనుచు దాటిపోయిరి. చేపలగంప నెత్తిన పెట్టుకొన్న యొక యామె మాకు సమముగా కొంతదూరము నడచి, "ఏటమ్మా, కాలికేటైనాది? ఎవులు తరుముతున్నారని పరిగెడతన్నావు?" అని యడిగినది. ఎవరును తరుముట లేదంటిమి. ఆమె నవ్వి, గంప సవరించుకొని మమ్ము దాటిపోయినది. ఆమె కాళ్లకు చెప్పులు లేవు.

ఇంతవరకు మేము వైద్యుని మాట జవదాటలేదు. ఇక మూడువందల మీటర్లున్నదనగా ధ్వనియంత్రములో మా పేరు చదివిరి. మా యాడపడుచు త్రాడు అవతల నిలుచుండి చేయి యూపుచుండెను. ప్రక్కనున్న పిల్లలు చప్పట్లు కొట్టిరి. అంతే, నియమము గాలికి పోయినది. మేము పరుగెత్తితిమి. అప్పటి నొప్పి ఎంతో మేము కొలువలేదు; కొలిచియుండిన ఆగవలసివచ్చెడిది. రెండుగంటల పదునొకండు నిమిషములకు గీత దాటితిమి. స్త్రీలలో ఎనిమిదవవారము. తొమ్మిదవ యామె సైకిలు చక్రము పగిలి నడుమనే ఆగిపోయినదని తరువాత తెలిసినది.

మెడలో పతకము వేసిరి. మా యాడపడుచు దానిని చూడక, మోకాళ్లపై కూర్చుండి మా జోడు విప్పి, మడమను చేతిలోనికి తీసికొన్నది. "నడుచుచు వచ్చుచున్నావని ఎంత సంతోషించితినో! ఆ కడపటి ముక్క యెవరికొఱకు, వదినా?" అన్నది. నీకొఱకే యని చెప్పబోయి యూరకుంటిమి. అది నిజము కాదు.

మఱునాటి తొలి యడుగు వేయుటకు గోడ పట్టుకొనవలసివచ్చినది. తరువాత మూడువారములు పరుగు మాట తలపెట్టలేదు. ఈతకు మాత్రము పోవుచుంటిమి.

తిరుగు రైలులో మా యాడపడుచు కట్టి యిచ్చిన మంచుసీసాను అరికాలి క్రింద పెట్టుకొని దొర్లించుచుండగా, ఎదుటి బల్లపైనున్న పెద్దామె చాలసేపు చూచి, అదేమి వైద్యమని యడిగినది. చెప్పితిమి. ఆమె తన చెప్పు విడిచి, "ఇటు ఒకసారి ఇయ్యి తల్లీ" అన్నది. తుని దాటి అన్నవరము వచ్చువఱకు ఆ సీసా మా యిద్దరి నడుమ దొర్లినది.