అస్తా లా విస్తా... తమ్ముడూ!

1991లో వచ్చిన 'టెర్మినేటర్-2'లో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ 'హస్తా లా విస్తా, బేబీ!' అని డైలాగు విసరగానే హాల్లో ఈల వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అర్థం తెలిస్తేగా! 'చావరా!' అనుకున్నాను.

అర్థం తెలిసింది మొన్న మాడ్రిడ్‌లో. మా తమ్ముడు అక్కడ ఉద్యోగం. నెల్లాళ్లు ఉండొద్దామని వెళ్లాను. స్పానిష్‌లో ఆ 'హ' పలకరట, 'అస్తా' అనాలట. 'అస్తా' అంటే 'దాకా', 'విస్తా' అంటే 'చూపు'. మళ్లీ కంటపడేదాకా సెలవు! ఎంత చల్లటి మాట! ఇంకో తమాషా... స్పెయిన్‌లో ఆ సినిమా డబ్ చేసినప్పుడు ఈ డైలాగు తీసేసి 'సయొనారా, బేబీ' అని జపాన్ మాట పెట్టారు. సొంత భాషలో మాట వాళ్లకి స్టైలుగా వినిపించదు మరి!

వాళ్లు రోజూ అనేది 'అస్తా లువేగో'. కాసేపాగి కలుద్దామని. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా లిఫ్టు దిగుతూ ఆ మాట అనే దిగుతారు. మన 'వెళ్లొస్తా' లాంటిదే. స్నేహితులైతే 'నోస్ వేమోస్'... ఒకరినొకరం చూసుకుంటాం అని.

ఓ రాత్రి అమ్మ ఫోను.

"ఎప్పుడొస్తావురా నాన్నా?"

"చూద్దామమ్మా!"

ఆరేళ్లుగా అదే జవాబు. ఫోను పెట్టేసి నవ్వాడు. "దీన్నిక్కడ 'యా వేరేమోస్' అంటారన్నయ్యా."

నాకు నవ్వు రాలేదు. అదీ చూడ్డమే, ఇదీ చూడ్డమే. కానీ 'నోస్ వేమోస్' అన్నవాడు వస్తాడు. 'యా వేరేమోస్' అన్నవాడు తప్పించుకుంటాడు. నాకు తెలిసి వాడికి తెలియనిది ఒకటుంది. చెప్పొద్దని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది.

తిరుగు ప్రయాణం రోజున విమానాశ్రయంలో వాడు నా భుజం తట్టి, "అస్తా లా విస్తా, అన్నయ్యా!" అన్నాడు, అచ్చం హీరోలా.

ఒట్టు తీసి గట్టున పెట్టేశాను.

"అమ్మకి కుడికంట్లో చూపు పోయిందిరా. రెండోదీ మసకేస్తోంది. నువ్వు 'చూద్దాం, చూద్దాం' అంటూ కూచుంటే, నువ్వు వచ్చేసరికి ఆవిడ చూడలేదేమో!"

వాడు చాలాసేపు మాట్లాడలేదు. నా పెట్టె హ్యాండిలు మాత్రం వదల్లేదు. చివరికి, "సంక్రాంతికి వస్తున్నానని చెప్పు" అన్నాడు.

ఊళ్లో దిగగానే అమ్మ అడిగింది, "వాడేమన్నాడ్రా?"

ఒట్టు తప్పిన సంగతి దాచి, సంక్రాంతి సంగతి ఒక్కటే చెప్పాను.