మాత్రల సీసా

వేదాద్రి రేవులో నిలిచి చూస్తే కృష్ణ ఆవలి గట్టు స్పష్టంగా కానవస్తుంది. శుక్లం తీయించుకొన్న రెండవ మాసంలో మా అమ్మగారు ఆ గట్టున ఆగియున్న పడవను మాకు చూపించి మురిసిపోయినారు. ఏడాది తిరిగినది. అవే మెట్లమీద నిలబడి, "ఈవేళ మంచు పట్టిందా బేటా?" అని అడిగినారు. నడినెత్తిన ఎండ నిప్పులు చెరుగుతున్నది!

ఆ ప్రశ్నను మేము సరిగా వినలేదు. జగ్గయ్యపేటలోని మందుల దుకాణంనుండి లూటీన్, జింకు, విటమినులు కలిసిన మాత్రల సీసా తెచ్చి, "ఇవి మింగండి అమ్మీ, చూపు పుంజుకొంటుంది" అన్నాము. చిన్ననాడు మా నోటిలో పోసిన విటమిన్ ఏ ద్రావణం తాలూకు జ్ఞాపకమే మమ్ము అట్లు నమ్మించినదేమో. ఆ విటమిను లోపించిన పసివాండ్ర కండ్లను కాపాడుటకు మన దేశంలో 1970లో ఆ పథకం ఆరంభమైనది. మా అమ్మగారి బాధ వేరు.

మూడు మాసాలు మింగినారు. బియ్యంలో రాళ్ళేరే పని కోడలికి అప్పగించినారు. ఉత్తరాలు మాచేత చదివించుకొన్నారు. అడిగితే, "కొంచెం మేలే" అనేవారు. మేము చిన్నబుచ్చుకొంటామని కాబోలు.

చివరకు విజయవాడ తీసుకొనిపోయినాము. కృత్రిమ కటకానికి ఆధారంగా వెనుక నిలిపియుంచిన సహజమైన పలుచని పొర మసకబారినదట. శుక్లం తీసినవారిలో ఇది అరుదు కాదు. లేసరుతో ఆ పొర నడుమ చిన్న కిటికీ తెరచినారు. కొద్ది నిమిషాల పని.

మాత్రల సంగతి అడిగితే వైద్యులు విసుగుకొనక వివరించినారు. అమెరికా జాతీయ నేత్రసంస్థ 2001లో ప్రకటించిన పరిశోధనలో, నేత్రపటలపు నడిభాగం వయసుతో క్షీణించే వ్యాధి మధ్యదశలో ఉన్నవారికి, అది ముదిరే ప్రమాదం ఐదేండ్లలో సుమారు 25 శాతం తగ్గినది. బీటా కెరోటిన్ పొగత్రాగేవారిలో ఊపిరితిత్తుల కాన్సరును పెంచుతున్నదని తేలుటచేత, దానికి బదులు లూటీన్, జియాజాంతిన్ చేర్చి 2013లో రెండవ పరిశోధన ఫలితాలు వెలువరించినారు. శుక్లాన్ని మాత్రం ఆ మాత్రలు ఆపలేదు. శుక్లమే తీసివేసిన కంటిలో ఇక అవి ఆపవలసినదేమి? అమ్మగారికి ఆ నేత్రపటల వ్యాధి లేనే లేదు. లూటీన్ కావాలంటే తోటకూరలోనూ, మా పెరటి మునగాకులోనూ కావలసినంత ఉన్నది.

ఇంటికి వచ్చిన మరునాడు అమ్మగారు సీసాలో మిగిలినవి అరచేతిలో పోసుకొని ఒక్కొక్కటే లెక్కపెట్టినారు. "పదకొండు. ఎంత పోసి కొన్నావు బేటా?" అని అడిగినారు. మేము సగం ధరే చెప్పినాము.